పాడుబడ్డ స్థలంలో వీధివాళ్ల తోట: కాగితం, నీళ్లు, మట్టి, ఆ తర్వాతే మొక్క

ఉమ్మడి తోటలు తవ్వేవాళ్లు లేక ఆగిపోవడం అరుదు. మొదటి ఆదివారం పలుగూ పారా పట్టుకుని రావడానికి జనం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు. తోట దెబ్బతినేది రెండో ఏడు. ఎండలు ముదిరాక నీళ్లు మోసేవాళ్లు తగ్గుతారు, కొన్ని మడులు కలుపుతో నిండుతాయి, ఒకరోజు స్థలం యజమాని వచ్చి ఖాళీ చెయ్యమంటాడు. వీటన్నిటికీ మందు మొదటి మూడు నెలల్లోనే వెయ్యాలి. అందుకే ఈ వివరాల్లో మొక్కల సంగతి చివరికి వస్తుంది.

స్థలం ఎవరిది, ఎన్నాళ్లకు

ముందు రెవెన్యూ లేదా పురపాలక రికార్డుల్లో యజమాని ఎవరో చూడండి. పక్కింటివాళ్లు చెప్పిన మాట మీద పని మొదలుపెట్టకండి. పాడుబడ్డ స్థలాల్లో చాలావాటికి వారసుల తగాదాలో, బకాయిలో ఉంటాయి. అసలు యజమాని ఒకరు, తాళం ఉన్నవాళ్లు మరొకరు అవుతారు.

యజమానిని కలిసేటప్పుడు ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి. అందులో స్థలం కొలత, మడుల పటం, బాధ్యత తీసుకునే నలుగురి పేర్లు ఉండాలి. స్థలం శుభ్రంగా ఉంటుంది, చెత్త పడదు, ముందుగా చెప్పి అడిగితే తిరిగి ఇచ్చేస్తాం అన్న మూడు మాటలు స్పష్టంగా రాయండి. యజమానికి ఉండే భయం ఒక్కటే, ఇచ్చిన స్థలం మళ్లీ చేతికి రాదేమోనని. ఆ భయం తీరితే మిగతా మాటలు తేలిగ్గా నడుస్తాయి.

ఒప్పందం కనీసం మూడేళ్లకు, వీలైతే అయిదేళ్లకు రాయించుకోండి. పాడైన నేల బాగుపడి సరిగా కాపు ఇవ్వడానికే రెండేళ్లు పడుతుంది కాబట్టి ఏడాది ఒప్పందంతో లాభం లేదు. ఖాళీ చెయ్యాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి (90 రోజులకు తక్కువ ఒప్పుకోకండి, నిలబడి ఉన్న పంట చేతికి రావాలి), నీటి బిల్లు ఎవరిది, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ట్యాంకు, పలకలు, తెచ్చిపోసిన మట్టి ఎవరికి చెందుతాయి, చెట్లు నాటవచ్చా అన్నవన్నీ అందులో ఉండాలి. లాస్ ఏంజెలెస్‌లో సౌత్ సెంట్రల్ ఫార్మ్ అనే తోట ఉండేది. 14 ఎకరాలు, వందల కుటుంబాలు, 1994 నుంచి సాగు. భూమి హక్కు చేతులు మారాక 2006 జూన్‌లో పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. అంత పెద్ద తోటనే నిలబెట్టుకోలేకపోయారంటే, నాలుగు సెంట్ల తోటకు కాగితం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఎండ, మురుగు, పాత చరిత్ర

కూరగాయలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ కావాలి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి వెళ్లి నీడ ఎక్కడిదాకా పడుతుందో పుల్లలు గుచ్చి గుర్తుపెట్టండి. మూడుసార్లూ ఎండలో ఉన్న భాగమే మడులకు. మిగతాది కంపోస్టుకు, సామాన్ల గదికి, కూర్చునే చోటుకి వదిలెయ్యండి. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, గోడల నీడ ఇంకా పొడుగవుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. పెద్ద చెట్టు పక్కన మడి పెడితే నీడ కంటే వేళ్లే ఎక్కువ చేటు చేస్తాయి. కొమ్మలు ఎంతవరకు ఉన్నాయో దానికి చాలా అవతల దాకా వేళ్లు వెళ్లి మడిలో పోసిన నీళ్లు తాగేస్తాయి.

మురుగు పరీక్షకు, అంటే నేలలో నీరు ఎంత త్వరగా ఇంకుతుందో చూడటానికి, అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వి నీళ్లు నింపండి. అది పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, ఈసారి గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం నుంచి మూడు అంగుళాలు దిగితే నేల బాగున్నట్టు. అంగుళం కూడా దిగకపోతే వానకు వేళ్లు కుళ్లుతాయి, ఎత్తు మడులు తప్పవు. మొదటిసారి నింపినప్పటి లెక్క నమ్మకండి, ఎండిన నేల ఎప్పుడూ త్వరగానే పీల్చుకుంటుంది.

ఇక చరిత్ర. అక్కడ ఇంతకుముందు ఏముండేది? పాత రంగులేసిన ఇల్లు కూల్చారా, బ్యాటరీల దుకాణమా, మెకానిక్ షెడ్డా? వీధిలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఏది ఏమైనా మట్టి పరీక్ష చేయించండి. పది పదిహేను చోట్ల పైపొర తీసి, ఆరు అంగుళాల లోతు దాకా మట్టి తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి (జింకు పూత బకెట్ అయితే లెక్క తప్పవచ్చు). కుప్ప చేసి నాలుగు భాగాలు చెయ్యండి, ఎదురెదురు రెండు భాగాలు పారెయ్యండి. అలా అరకిలో మిగిలేదాకా చేసి, నీడలో ఆరబెట్టి పంపండి. పాత గోడ వెంబడి మట్టిని మాత్రం విడిగా పంపాలి. రాలిన రంగు అక్కడే పేరుకుంటుంది, మిగతా మట్టితో కలిపితే ఆ సంగతి బయటపడదు.

ఉదజని సూచిక (pH), సేంద్రియ కర్బనం, లవణాలతో పాటు సీసం కూడా చూడమని ప్రయోగశాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. మామూలు పరీక్షలో అది ఉండదు. సహజమైన నేలలో కిలో మట్టికి 10 నుంచి 50 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. ఇళ్ల దగ్గరి మట్టికి అమెరికా పర్యావరణ సంస్థ ఏళ్ల తరబడి 400ని హద్దుగా చూసి, 2024లో దాన్ని 200కి తగ్గించింది. మీ మట్టి 200 దాటితే నేరుగా నేలలో కూరగాయలు వేయకండి. కాయలోకి వేళ్ల ద్వారా ఎక్కే సీసం చాలా తక్కువ. ప్రమాదమంతా దుమ్ములో, చేతులకు, ఆకులకు, దుంపలకు అంటుకున్న మట్టిలో ఉంది, అది మొదట చేరేది చిన్నపిల్లల నోట్లోకి. అలాంటి చోట కొత్త మట్టితో ఎత్తు మడులు కట్టి, మిగతా నేలంతా చెక్కపేళ్లతోనో గడ్డితోనో కప్పెయ్యాలి.

శుభ్రం చేయడం

మందపాటి అడుగున్న బూట్లు, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకండి. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో ముందే అడగండి. పొదలు ఒక అంచు నుంచి మొదలుపెట్టి తెరిచి ఉన్న వైపుకు కొట్టుకుంటూ వెళ్లండి. నాలుగు వైపుల నుంచీ మధ్యకు వస్తే పాములకు పారిపోయే దారి ఉండదు. ఇటుకల కుప్పను చేత్తో ఎత్తకుండా పొడుగు కర్రతోనో గడ్డపారతోనో మీకు అవతలి వైపుకు దొర్లించండి.

సిరంజిలు కనిపిస్తే పట్టకారుతో తీసి మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి. ముడుతల సిమెంటు రేకుల ముక్కలుంటే పగలగొట్టొద్దు, ఊడ్చొద్దు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నీళ్లతో తడిపి, చుట్టూ తాడు కట్టి, ఆ పని తెలిసినవాళ్లను పిలవండి. చెత్త కాల్చెయ్యడం అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది, కానీ రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, తీగలు కాలిస్తే ఆ బూడిదలోని విషమంతా రేపు మడి కట్టబోయే నేలలోనే దిగుతుంది. అద్దం పెంకులు మాత్రం ఎంత ఏరినా ప్రతి వాన తర్వాత మళ్లీ కొన్ని పైకి తేలుతాయి. మొదటి ఏడాదంతా గేటు దగ్గర ఒక బకెట్ అందుకోసమే ఉంచండి.

గరిక, తుంగ, వయ్యారిభామ

ఇక్కడే చాలామంది ట్రాక్టరో, చిన్న రోటవేటరో పిలిపించి దున్నించేస్తారు. రెండు రోజులు నేల అద్దంలా ఉంటుంది. మూడు వారాల్లో ముందుకంటే ఎక్కువ గరిక వస్తుంది. ఎందుకంటే గరిక నేల లోపలి కాండం ముక్క ఒక్క కణుపుతో ఉన్నా మొలుస్తుంది. తుంగ ఇంకా మొండిది. గడ్డ నుంచి గడ్డకు దారంలాంటి వేరు ఉంటుంది. పైన పీకితే ఆ దారం తెగి, కిందనున్న గడ్డలు ఒక్కొక్కటీ వేరే మొక్కవుతాయి.

ఎండాకాలం చేతిలో ఉంటే పారదర్శక ప్లాస్టిక్ పట్టాతో నేలను ఉడికించడం మంచి పద్ధతి. పెద్ద మొక్కలు కొట్టేసి, నేల చదును చేసి, అడుగు లోతు తడిసేలా నీళ్లు పెట్టి, 25 నుంచి 50 మైక్రాన్ల మందమున్న పట్టాను నేలకు ఆనేలా పరచండి. అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. పట్టాకు, నేలకు మధ్య గాలి సందులుంటే వేడి చాలదు. పొడి నేల మీద వేస్తే ఫలితం సగం కూడా రాదు. గింజల కలుపు దీంతో బాగా చస్తుంది, తుంగ గడ్డలు లోతుగా ఉన్నవి మిగులుతాయి. వాటిని పలుగుతో గడ్డతో సహా తవ్వి, మొలిచిన ప్రతిసారీ తీస్తూ పోవడమే మార్గం. ఆకు కనిపించిన వారంలోపు తీస్తుంటే గడ్డలో దాచుకున్న శక్తి తగ్గిపోతుంది.

వయ్యారిభామను పూతకు ముందే వేళ్లతో సహా పీకాలి. గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చర్మం దద్దురు, ఉబ్బసం కొందరికి వెంటనే వస్తాయి. పూత పూసినవి కంపోస్టులో వేయకండి.

నీళ్ల లెక్క

మడి 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు అనుకుందాం. కూరగాయలకు వారానికి సుమారు అంగుళం నీరు కావాలి. అంటే ఆ మడికి 90 నుంచి 100 లీటర్లు, 10 లీటర్ల రోజ్ క్యాన్‌తో (మూతికి జల్లెడ ఉన్న నీళ్ల డబ్బా) పది క్యాన్లు. మండుటెండల్లో ఇది రెట్టింపవుతుంది. పది మడులైతే మామూలు వారానికి వెయ్యి లీటర్లు, ఎండాకాలంలో రెండు వేలు. ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో కాగితం మీద రాయలేకపోతే మడులు తగ్గించండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పోయగలిగినన్ని నీళ్లకు సరిపడా మడులే కట్టాలి. మిగతా స్థలాన్ని వచ్చే ఏటికి పట్టా కప్పి ఉంచండి.

ఏ మడి నుంచైనా 50 అడుగుల్లోపు కుళాయి ఉండాలి. దానికంటే దూరమైతే పైపు లాగలేక చివరి మడివాళ్లు ముందు మానేస్తారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దిమ్మె ఇటుకతోనో కాంక్రీటుతోనో గట్టిగా కట్టాలి, కర్ర బల్ల మీద పెట్టకండి. మూడడుగుల ఎత్తున పెట్టిన ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి సుమారు 0.1 బార్ (ఒత్తిడి కొలత) మాత్రమే, మామూలు డ్రిప్పర్లకు దాదాపు 1 బార్ కావాలి. అందుకే ట్యాంకుకు మామూలు డ్రిప్ తగిలిస్తే మొదటి మడికి నీళ్లు అంది చివరి మడి ఎండుతుంది. తక్కువ ఒత్తిడికి పనిచేసే డ్రిప్ అని అడిగి తీసుకోండి, పైపు మొదట్లో ఫిల్టర్ పెట్టండి. పక్కన కప్పు ఏదైనా ఉంటే వాననీళ్లు పట్టవచ్చు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వానకు ఒక లీటరు నీరు. 20 చదరపు మీటర్ల రేకు మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే నష్టాలు పోను 400 లీటర్లు వస్తాయి. ట్యాంకు మూతికి సన్న జల్లెడ బిగించకపోతే వారం పది రోజుల్లో దోమల కర్మాగారం తయారవుతుంది, తోట మీద మొదటి ఫిర్యాదు అదే అవుతుంది.

మడులు, మట్టి

ఎత్తు మడులు చూడ్డానికి బాగుంటాయి గానీ అన్ని చోట్లా అవసరం లేదు. మట్టి పరీక్ష బాగుండి, నీరు ఇంకుతుంటే, నేల మీదే మడి గీసి రెండు అంగుళాల కంపోస్టు వేసి పై ఎనిమిది అంగుళాల్లో కలిపితే చాలు. ఒక మడికి దాదాపు 7 ఘనపుటడుగుల సరుకుతో పని అయిపోతుంది. అదే అడుగు ఎత్తు మడికి 40 ఘనపుటడుగులు. ఖర్చు, మోత ఆరింతలు. కూల్చిన ఇంటి స్థలమైతే తడి నేలలో ఇనుప చువ్వ గుచ్చి చూడండి. నాలుగైదు అంగుళాల్లో ఆగిపోతే కింద గట్టి పొర ఉన్నట్టు. గడ్డపారతో ఒక్కసారి పెళ్లగించండి, తిరగెయ్యొద్దు.

ఎత్తు మడి తప్పనప్పుడు రెండువైపులా నిలబడే వీలుంటే వెడల్పు 4 అడుగులు, గోడకు ఆనుకుంటే 2 అడుగులు. అంతకంటే వెడల్పైతే మధ్య కలుపు తీయడానికి మడిలో కాలు పెడతారు, మట్టి బిగుసుకుపోతుంది. దారులు 2 అడుగులు, తోపుడు బండి తిరిగే పెద్ద దారి 4 అడుగులు. వీల్ చైర్‌లో వచ్చేవాళ్లకు ఒకటి రెండు మడులు రెండు రెండున్నర అడుగుల ఎత్తులో కట్టండి. వంగలేని పెద్దవాళ్లకూ అవే పనికొస్తాయి. పాత రైలు స్లీపర్లు, టైర్లు, ఆకుపచ్చ మందు ఎక్కించిన పాత కలప వాడకండి. స్లీపర్లకు క్రియోసోట్ అనే విషపు తారునూనె పట్టించి ఉంటుంది, ఆ కలపలో ఆర్సెనిక్ ఉండవచ్చు. ఇటుక, రాయి, మందు లేని గట్టి చెక్క మంచివి. పలక మందం అంగుళంన్నరకు తగ్గకూడదు. పొడుగు వైపు ప్రతి 4 అడుగులకు ఒక గుంజ పాతండి. తడిసిన మట్టి బయటికి నెడుతుంది, గుంజ లేకపోతే మొదటి వానాకాలానికే పలక ఉబ్బి మేకులు ఊడతాయి. నేల వాలుగా ఉంటే మడి పొడవు వాలుకు అడ్డంగా ఉండాలి.

అడుగున టేపు, పిన్నులు తీసిన అట్టపెట్టెలు రెండు పొరలుగా, ఆరు అంగుళాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా పరిచి తడపండి. మట్టిలో సీసం తేలిన చోట అట్ట చాలదు, నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి మడి ఎత్తు అడుగున్నర చెయ్యండి. పాలిథిన్ వేయొద్దు, నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. నింపడానికి ఆరు పాళ్లు మంచి మట్టి, నాలుగు పాళ్లు మాగిన కంపోస్టు. కంపోస్టుతోనే నింపితే మొదటి నెల మొక్క బాగా లేస్తుంది, తర్వాత మడి కుంగిపోయి, లవణాలు పెరిగి ఆకుల అంచులు మాడతాయి.

తెప్పించిన మట్టి, పశువుల ఎరువు దించుకునే ముందు రెండు పరీక్షలు. చారెడు తీసి చెదిపి చూడండి, నల్లని తుంగ గడ్డలుంటే వెనక్కి పంపండి. తర్వాత మూడు కుండీల్లో ఆ ఎరువును మట్టితో సగం సగం కలిపి, మరో మూడింట్లో మీకు తెలిసిన మంచి మట్టి నింపి, అన్నిట్లో చిక్కుడు గింజలు పెట్టండి. మూడు వారాల తర్వాత ఎరువున్న కుండీల్లోని ఆకులు మాత్రమే గిన్నెల్లా ముడుచుకుని, కొస మెలితిరిగితే ఆ ఎరువులో కలుపుమందు అవశేషం ఉన్నట్టు. కొన్ని కలుపుమందులు మేసిన గడ్డి ద్వారా పేడలోకి వచ్చి, కంపోస్టు అయ్యాక కూడా నెలల తరబడి చిక్కుడు, టమాటాలను దెబ్బతీస్తాయి. మూడు వారాలు ఆగడం కష్టమే, కానీ పది మడుల మట్టి తిరిగి ఎత్తి పోయడం కంటే ఎంతో మేలు.

కంపోస్టు గూళ్లు

3 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో మూడు గూళ్లు పక్కపక్కన. ఒకటి నింపడానికి, ఒకటి మాగడానికి, ఒకటి వాడుకోవడానికి. ఇంతకంటే చిన్న కుప్పలో వేడి నిలవదు. పచ్చివి ఒక బుట్ట వేస్తే ఎండాకులు, పొట్టు, అట్టముక్కలు రెండు మూడు బుట్టలు పడాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ఏమీ రాకపోతే చీమలు చేరతాయి. నాలుగు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటాలి, చల్లబడ్డాక తిరగెయ్యాలి. కుళ్లు వాసన వస్తే ఎండాకులు కలిపి గాలి తగలనివ్వండి. వండిన అన్నం, కూర, నూనె, మాంసం వేయనివ్వకండి. అడుగున అరంగుళం కన్నాల ఇనుప జాలీ పరిస్తే ఎలుకలు కింద నుంచి రాలేవు. పచ్చిపేడ వాడితే నేలకు తగిలే పంటలు కోయడానికి 120 రోజుల ముందు, మిగతావాటికి 90 రోజుల ముందు ఆపెయ్యాలి.

మొదటి పంట

తోటకూర వేస్తే నెల తిరక్కుండా చేతికొస్తుంది, ముల్లంగి నెలా నెలన్నరకు వస్తుంది. మొదటి నెలలో ఏదో ఒకటి ఇంటికి తీసుకెళ్లినవాళ్లు రెండో నెల కూడా వస్తారు. బెండ, చిక్కుడు యాభై అరవై రోజులు. పందిరి పంటలు మిగతా మడుల మీద నీడ పడని అంచున ఉండాలి. గింజో నారో వేశాక మూడు అంగుళాల ఎండుగడ్డి కప్పండి, మొక్క మొదలుకు రెండు అంగుళాల ఖాళీ వదలండి.

పలుగులు, పారలు, బొరిగెలు ఇంటికొకటి కొనక్కర్లేదు. పది కుటుంబాలకు మూడు పారలు, రెండు గడ్డపారలు, అయిదు బొరిగెలు, ఒక తోపుడు బండి, నాలుగు రోజ్ క్యాన్లు సరిపోతాయి. పిడులకు ఒకే రంగు పూస్తే ఎవరింటికీ పొరపాటున వెళ్లవు.

నియమాలు గింజ వేయకముందే

మడి ఎవరిది వారికి ఇచ్చి, అంచులు, దారులు, కంపోస్టు అందరివిగా ఉంచే పద్ధతి ఎక్కువకాలం నిలుస్తుంది. అంతా ఉమ్మడి అయితే పని నలుగురి మీద పడుతుంది, కోత మాత్రం అందరూ కోస్తారు. నీళ్ల వంతు ఎప్పుడూ ఇద్దరికి కలిపి వెయ్యండి, ఒకరు ఊరెళ్లినా మడి ఎండదు. కలుపుమందు తోటలో ఎవరూ కొట్టకూడదని రాసుకోండి. గాలికి తేలివచ్చిన కొద్దిపాటి మందుకే పక్క మడిలో టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి, ఆ తగవు మళ్లీ తీరదు.

వదిలేసిన మడి గురించి ముందే లిఖితంగా ఒప్పుకోండి. రెండు వారాలు కలుపు తీయకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి బాగోగులు అడగాలి. ఇంట్లో అనారోగ్యమైతే మిగతావాళ్లు నెలపాటు చూసుకోవాలి. జవాబే లేకపోతే ఇంకో వారానికి ఉత్తరం, ఆ తర్వాత ఎదురుచూస్తున్నవాళ్లలో మొదటివారికి మడి. గింజలు తయారయ్యే దాకా ఆగితే ఆ ఒక్క మడి కలుపు పది మడులకు పాకుతుంది.

నెలవారీ చందాలో ట్యాంకు మరమ్మతు, పైపులతో పాటు కంపోస్టుకూ కొంత పక్కన పెట్టండి. మొదటి ఏడాది తిరిగేసరికి ఎత్తు మడి దాదాపు అయిదో వంతు కుంగుతుంది. పంట తీసేశాక రెండంగుళాల కంపోస్టు పరిచి, గడ్డి కప్పి, తర్వాతి కారుకు మడి మార్చండి. టమాటా, వంగ, మిరప ఒకే మడిలో వరసగా వేయకండి, మూడింటికీ వచ్చే వడలు తెగులు మట్టిలోనే మిగిలి ఉంటుంది.